చర్మమునకు జాతకము

ముఖము శుభ్రముగా కడుగుకొని, మెత్తని వస్త్రముతో నద్దుకొని, మఱల దానిమీద సీసాలోని నీటిని నాలుగు చుక్కలు పూసికొనుట యెందులకని ప్రశ్నించినచో, ఆ పనిని నిత్యము శ్రద్ధతో చేయువారిలో సైతము సూటిగా బదులు చెప్పగలవారు అరుదు. చర్మరంధ్రములు మూసికొనుటకని కొందఱందురు. సబ్బునకు లొంగని మురికి తొలగుటకని కొందఱందురు. పెక్కుమంది, క్రమములో నది రెండవది కనుక చేయుచున్నామని నిష్కపటముగా నొప్పుకొందురు. ఆ నీటికి టోనరని పేరు. ఈనాటి స్నానగృహములలో అద్దము క్రింది పలకపై, ముఖము కడుగు ద్రవమునకును రాత్రి పూసికొను క్రీమునకును నడుమ దాని స్థానము. చూచుటకు నీరే గాని, వెల విన్నచో నీరని తోచదు. దానిని నిందించుటకుగాని స్తుతించుటకుగాని నేనీ నాలుగు మాటలు వ్రాయుటలేదు. కొనబోవువారిని ఆ సీసా ముందుగా నొక ప్రశ్న వేయుచున్నది: "నీ చర్మము ఏ రకము?" ఈ ప్రశ్నయే నన్నాకర్షించినది. తన గోత్రమును, నక్షత్రమును, పాదముతో సహా తడుముకొనక చెప్పగల పెద్దమనిషి యీ ప్రశ్న విని తెల్లబోవును. కళాశాలలో చదువు పిల్ల తటాలున సమాధానము చెప్పును.

నా మేనకోడలు హైదరాబాదున మాదాపూరులో నొక సాఫ్టువేరు కార్యాలయమున ఉద్యోగము చేయుచున్నది. సెలవులకు విజయవాడ వచ్చినపుడు నన్ను వెంటబెట్టుకొని బీసెంటు రోడ్డున నొక అంగడికి పోయినది. అచట నొక గోడ నిండుగ నీ సీసాలే. జిడ్డు చర్మమునకని కొన్ని, పొడి చర్మమునకని కొన్ని, రెండును కలిసినదానికని కొన్ని, సున్నితమైనదానికని కొన్ని.

"నాది కాంబినేషన్ స్కిన్, మావయ్యా. నుదురూ ముక్కూ జిడ్డు, బుగ్గలు పొడి."

"ఎవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పేదేముంది? ఇంటర్‌లో ఉన్నప్పుడే తేల్చుకున్నా."

ఆ చివరిమాట నన్ను పట్టుకొన్నది. ఇంటరు చదువునాడు తేల్చుకొనిన సంగతిని ఆ పిల్ల నేటికిని తలపై మోయుచున్నది. నడుమ ఊరు మారినది, త్రాగు నీరు మారినది, నిద్రవేళలు మారినవి, వయస్సు మారినది. ముఖమునకు వేసికొనిన ముద్ర మాత్రము మారలేదు. జన్మలగ్నమువలె నొకమారు గుణించి వ్రాసిపెట్టుకొనినదానిని మఱల తీసి చూడవలసిన పనిలేదని ఆమె నమ్మకము. చర్మమునకును జాతకమొకటి యున్నదని మన యువతరము ఈ సీసాల వలన నేర్చుకొన్నది. ఉండిన నుండుగాక. కాని జ్యోతిషము నెఱిగినవాడెవడును జాతకమొక్కటియే చూచి మిన్నకుండడు. గోచారమును గూడ చూచును. గ్రహములు పుట్టిననాడెచ్చట నుండినవో తెలిసికొని, నేడెచ్చట సంచరించుచున్నవో తెలిసికొననివాని ఫలితము వ్యర్థము. ముఖచర్మము విషయమున జన్మలక్షణముకంటె గోచారమునకే బలమెక్కువయని నా యభిప్రాయము. దానిని విస్తరించి చెప్పుటయే యీ రచనకు ప్రయోజనము.

ముందీ నీటి పుట్టుకను చెప్పవలెను. ఆరోగ్యమైన చర్మపు పైపొర కొంచెము పులుపు గుణము కలది. ఆమ్లక్షారములను కొలుచు పీహెచ్ మానములో 7 తటస్థము. అంతకు తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. ముఖచర్మము 5 కు అటునిటుగా నుండును. 1928 లో జర్మనీ దేశపు వైద్యులు షాడె, మార్కియోనీని యనువారు ఈ పలుచని పులుపుపొరకు ఆమ్లకవచమను అర్థమిచ్చు పేరిడిరి. అది నిలిచియున్నంతవఱకు చర్మముపై మేలు చేయు సూక్ష్మజీవులు వర్ధిల్లును, కీడు చేయునవి అణగియుండును; పైపొర కణముల సందులను పూడ్చి లోపలి తడిని బయటికి పోనీయని క్రొవ్వుపదార్థములు చక్కగా తయారగును. నూనెను క్షారముతో నుడికించి చేసిన మామూలు సబ్బు దీనికి విరోధి. అది 9 కును 10 కును నడుమ నుండును. ఈ మానములో మెట్టునకు మెట్టునకు పదిరెట్లు భేదము కనుక, 5 నుండి 9 కి పోవుటయనగా పదివేల రెట్లు దూరము పోవుటయే. బోరుబావిలోని కఠినజలము దానికి తోడైనచో, ఆ నీటియందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టెయై, బకెట్టు అంచునకు పట్టినట్లే బుగ్గలకును పట్టును. సబ్బుతో రుద్దుకొనిన ముఖము బిగిసి కిఱకిఱలాడుట స్వచ్ఛతకు గుఱుతని మన తరమువారమందఱము నమ్మితిమి. నిజమునకది కవచము సడలుటకు గుఱుతు. విడిచిపెట్టినచో చర్మము కొన్ని గంటలలో తన పులుపును తానే తిరిగి సంపాదించుకొనును. ఆ గంటలను నిమిషములుగా కుదించుటకును, మిగిలిన తెట్టెను తుడిచివేయుటకును కనిపెట్టిన ఉపాయము టోనరు. అనగా నిది సబ్బునకు ప్రాయశ్చిత్తము. చర్మపు పులుపునకు సరితూగు మృదుద్రవములు ముఖప్రక్షాళనమునకు వచ్చిన తరువాత ప్రాయశ్చిత్తపు టవసరము చాలవఱకు తీఱినది. తంతు మాత్రము నిలిచినది. కావున టోనరు లేనిదే ముఖము చెడునని యెవరైన భయపెట్టినచో నమ్మనక్కఱలేదు.

మా అమ్మమ్మకాలపువారు టోనరు నెఱుగకపోవుటకు వారి అమాయకత్వము కారణము కాదు. పెసరపిండియు, శనగపిండియు జిడ్డును పీల్చుకొనునే గాని సబ్బువలె క్షారమును పూయవు. పైగా నలుగు పెట్టుటకు ముందు నువ్వులనూనె పట్టించెడివారు గనుక, పిండి యూడ్చుకొనిపోవు జిడ్డులో పెక్కుపాలు పైనుండి పూసినదే యగును. చర్మము సొంతసొత్తు చర్మముననే యుండును. పాపము చేయనివారికి ప్రాయశ్చిత్తమేల?

అట్లని ముఖమునకు పరిమళజలము పూసికొనుట మనకు క్రొత్త కాదు. పెండ్లివారి గుమ్మమున వెండిబుడ్డితో అతిథులపై చిలుకు పన్నీరు ఎంతటి చరిత్ర కలదో చిలుకువారికిని తెలియదు. కన్యాకుబ్జమని పురాణములు పేర్కొను కనోజు నగరము నేటికిని ఈ విద్యకు నెలవు. అచట డేగ్ అను రాగికాగులో గులాబీరేకులను నీటితో నించి, మూత చుట్టును మట్టి మెత్తి, క్రింద మంటబెట్టి, పైకి లేచు ఆవిరిని వెదురుగొట్టముగుండ, నీటితొట్టిలో మునిగియుండు భబ్కా యను మఱియొక పాత్రలోనికి పంపుదురు. మంట హెచ్చినచో రేకులు కమరి వాసన చెడును. తగ్గినచో ఆవిరి కదలదు. యంత్రములేవియు లేకయే, పనివారు చేతితో భబ్కాను తాకి చూచి లోపలి సంగతిని గ్రహింతురు. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో నొక ముచ్చట వ్రాసికొనెను: నూర్జహాను తల్లి పన్నీరు తీయించుచుండగా, వేడి పన్నీటిని పోసిన పళ్ళెరములపై నురుగువంటి నూనె తేలుట గమనించి దానిని కొంచెము కొంచెముగా సేకరించెనట, అదియే గులాబీ అత్తరు. దాని నొక్క చుక్క అరచేత రాచుకొనిన సభయంతయు గుబాళించెనట. రాణివాసమునందలి సలీమా సుల్తాన్ బేగము దానికి చక్రవర్తి పేరు పెట్టెనట. కథ రమ్యముగానున్నది గాని, ముఖజలముల వారికి దీనియందొక హెచ్చరిక కలదు. గులాబీలోని సారమంతయు నూనెయై పైకి తేలి రాణివాసము చేరగా, క్రింద మిగిలిన నీరు మనకు దక్కినది. మంచి పన్నీరు ముఖమునకు హాయి గొలుపును, కొంత తడి నిచ్చును. అంతకు మించిన మహిమలు దానికి అంటగట్టరాదు. అందును, అంగళ్ళలో పన్నీరను పేరున దొరకునవన్నియు రేకులనుండి ఆవిరిపట్టినవి కావు; నీటిలో వాసనద్రవ్యము కలిపినవి పెక్కులు. సీసా వెనుకనున్న చిన్న యక్షరములను చదివినగాని ఆ భేదము బయటపడదు.

ఇతరదేశములవారును ఇట్టి జలములను కల్పించుకొనిరి. వారి కల్పనలలో రెండు మార్గములు నాకు స్పష్టముగా కనిపించుచున్నవి. టోక్యోలోని గింజా వీధిలో 1872 లో మందులదుకాణముగా పుట్టిన షిసెయిడో సంస్థ 1897 లో యూడెర్మీన్ అను ఎఱ్ఱని జలమును గాజుసీసాలలో పోసి విక్రయింప నారంభించెను. ఆ పేరు నేటికిని వాడుకలో నున్నది. చర్మమునకు తడి నిచ్చి మెత్తపఱచుట ఆ మార్గపు లక్ష్యము. అమెరికావారి దృష్టి తడిమీద గాక బిగువుమీద నిలిచినది. అచటి ఈశాన్యారణ్యములలో పెరుగు విచ్ హేజెల్ అను పొదను ఆవిరిపట్టి తీసిన జలము పందొమ్మిదవ శతాబ్దమునుండి కనెక్టికట్ రాష్ట్రమున తయారగుచున్నది; దానిలో నూటికి 14 పాళ్ళు ఆల్కహాలు. ఆ పొద బెరడులోని వగరు పదార్థములు ఆవిరితో పైకి రావు గనుక, ముఖమునకు తగిలినపుడు తోచు ఆ చల్లదనమును, ఆ బిగువును చాలవఱకు ఆల్కహాలు చలువయే. బిగువు మార్గము మన పురుషులకు పటిక వలన ఏనాటినుండియో పరిచితము. క్షవరము ముగిసిన వెంటనే తడిముఖముపై పటికబిళ్ళ రుద్దించుకొని, మీసము సవరించుకొని, వీధి అరుగుపై కూర్చుండెడి మా తాతగారితో "మీరు వాడునది టోనరు" అని యెవరైన అనియున్నచో ఆయన ఏమనెడివారో ఊహింపగలను, ఇచట వ్రాయజాలను.

ఇక రకముల ప్రసక్తి. చర్మమును పొడియనియు, జిడ్డనియు, సాధారణమనియు విభజించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క ద్రవ్యమును నిర్ణయించుట హెలెనా రూబిన్‌స్టైన్‌తో మొదలయ్యెనని వాడుక. పోలండున పుట్టి, ఆస్ట్రేలియా చేరి, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో మెల్బోర్నున అంగడి తెఱచి, పిదప లండను, ప్యారిస్, న్యూయార్కు నగరములలో పాదము మోపిన ఆ వనిత వ్యాపారమున ఎంతటి ప్రజ్ఞాశాలినియో ఈ ఒక్క యూహయే చెప్పును. అందఱకును చర్మమొక్కటే యైనచో సీసాయు నొక్కటే చాలును. చర్మములు మూడైనచో సీసాలు మూడగును. 1967 లో వోగ్ పత్రిక యందు నార్మన్ ఓరెన్‌ట్రైక్ అను చర్మవైద్యునితో జరిపిన సంభాషణము ప్రకటితమైనది. మఱుసటి సంవత్సరము ఆ వైద్యుని సహాయముతోనే క్లినిక్ అను సంస్థ పుట్టి, కడుగుట, తుడుచుట, తడుపుట అను త్రివిధకర్మను, నాలుగు చర్మజాతులను లోకమున ప్రతిష్ఠించెను. ఇటీవల లెస్లీ బౌమన్ అను మయామీ నగరపు చర్మవైద్యురాలు రెండేసి జవాబులుగల నాలుగు ప్రశ్నలు వేసి పదునాఱు జాతులు తేల్చినది: జిడ్డా, పొడియా, సున్నితమా, ఓర్చునదా, మచ్చ పడునదా, పడనిదా, ముడుత పడునదా, బిగువైనదా. రాశులు పన్నెండే గదా! అయినను ఆమె ప్రశ్నలు వ్యర్థములు కావు. అందు మూడవది మనబోటివారికి మిక్కిలి ముఖ్యము. దాని సంగతి పిదప చెప్పెదను.

ఈ లెక్కలన్నిటికిని పూర్వమే మనవారు చర్మమును గూర్చి తలపోయకపోలేదు. చరకుడు ఆఱు పొరలని చెప్పెను, సుశ్రుతుడు ఏడు పొరలని చెప్పెను. ఆ వివాదము పండితులకు వదలెదను. నాకు ఆశ్చర్యము గొలుపునది వాగ్భటుని అష్టాంగహృదయము. అందు ముఖలేపములను చెప్పుచు ఆయన మనుష్యులను రకములుగా విభజించుటకు మాఱుగా సంవత్సరమును ఆఱు ఋతువులుగా విభజించి, ఋతువున కొక్క లేపమును విధించెను. హేమంతమునకు రేగుగింజల పప్పు, లొద్దుగచెక్క, తెల్లఆవాలు మొదలైనవి. గ్రీష్మమునకు కలువలు, గఱిక, యష్టిమధుకము, చందనము. మొదటి పట్టిక చూడగానే వెచ్చదనమును, రెండవది చూడగానే చల్లదనమును తోచును. లేపము అంగుళములో నెన్నవ పాలు మందముండవలెనో గూడ చెప్పి, అది ఎండిపోవువఱకు ఉంచరాదనియు, ఎండినచో ముఖకాంతిని చెఱచుననియు, తడిపి తీసివేసి పిదప నూనె రాచుకొనవలెననియు హెచ్చరించెను. ముల్తానీమట్టి పూసికొని అది బీటలువాఱువఱకు పంకా క్రింద కూర్చుండు మన పిల్లలు ఈ ఒక్క వాక్యమును చదివినను చాలును. లేపము ధరించినవాడు పగటినిద్ర, అతిభాషణము, ఎండ, నిప్పు, శోకము, క్రోధము వర్జింపవలెనని గూడ ఆయన ఆజ్ఞ. నేటి సీసాలపై సూచనలు బహుదీర్ఘములే గాని, క్రోధము వర్జింపుమని వ్రాసినదానిని నేనింకను చూడలేదు.

వాగ్భటునిది గోచారదృష్టి. నేటి శరీరశాస్త్రమును ఆ దృష్టికి ప్రతికూలము కాదు. జిడ్డును స్రవించు గ్రంథులు ముఖమునందు చదరపు సెంటీమీటరునకు 400 మొదలు 900 వఱకు నుండును; అరచేతులందును అరికాళ్ళందును ఒక్కటియు నుండదు. పుట్టినబిడ్డయందు తల్లి హార్మోనుల ప్రభావమున ఇవి కొంతకాలము పనిచేయును, బాల్యమున నిద్రించును, యౌవనారంభమున విజృంభించును, స్త్రీలకు ఋతుక్రమము నిలిచిన పిమ్మట మందగించును, పురుషులకు వార్ధక్యమువఱకు ఇంచుమించుగా సాగును. వేడిమి పెరిగినచో స్రావము పెరుగును. ఇది గాక, జిడ్డు వేఱు, తడి వేఱు. సీసాలు కొనువారు ఎక్కువగా తికమకపడునది ఇచటనే. జిడ్డు గ్రంథులనుండి వచ్చు నూనె. తడి పైపొర కణములలో నిలిచియుండు నీరు. ముఖము మెఱయుచున్నను లోపల తడి లేకుండవచ్చును. చలువగదిలో పగలంతయు కూర్చుండు ఉద్యోగుల ముఖములు సాయంకాలమునకు పైన జిడ్డుగాను, క్రింద బిగుసుకొనియు నుండుట తఱచు. అట్టివారు, జిడ్డున్నది గదాయని ఘాటైన టోనరుతో దినమునకు మూడుమార్లు తుడుచుకొందురు. తడి మఱింత ఆవిరియగును. చర్మము మండును, పొలుసులూడును. మంటను జూచి తమది సున్నితచర్మమని క్రొత్త జాతకము వ్రాసికొందురు.

రోహిణికార్తెలో విజయవాడయందు మధ్యాహ్నము వీధిలో నడచి వచ్చినవాని ముఖమును, మకరసంక్రాంతికి ముందు ఆదిలాబాదు చలిలో తెల్లవాఱుజామున లేచినవాని ముఖమును ఒక్కటే సీసాతో ఏలుట యెట్లు? ఆ ఇరువురును ఒక్క మనిషియే యైనను నా ప్రశ్న నిలుచును. విశాఖపట్టణపు సముద్రపుగాలిలో ఆఱు మాసములు బుగ్గలకు క్రీము పనియే లేకుండిన గృహిణి, కుమారుని యింటికి న్యూజెర్సీ పోయి, శీతకాలమున గదిని వెచ్చపఱచు యంత్రము విడుచు పొడిగాలిలో రెండు వారములుండినచో, పెదవులు పగిలి, చెక్కిళ్ళు గఱకుబాఱి, తన ముఖము తనదేనా యని అద్దమున చూచుకొనును. మారినది ముఖము కాదు, ఆకాశము.

కావున ఎన్నుకొనబోవుటకు ముందు చేయవలసిన పరీక్ష నేటి ముఖమునకే చేయవలెను. మెత్తని ద్రవముతో ముఖము కడుగుకొని, అద్దుకొని, ఏమియు పూయక అరగంట యూరకుండవలెను. అప్పుడు నుదురును, ముక్కును, గడ్డమును, చెక్కిళ్ళను వేఱువేఱుగ పలుచని కాగితముతో నద్ది చూచినచో జిడ్డెచట నున్నదో తెలియును. నవ్వి చూచినచో బిగువెచట నున్నదో తెలియును. ఇది ఋతువు మారినపుడెల్ల మఱల చేయవలసినది. మా మేనకోడలు అంగడినుండి వచ్చిన సాయంకాలము నా బలవంతము మీద ఈ పరీక్ష చేసికొన్నది. విజయవాడ ఉక్కలో ఆమె చెక్కిళ్ళు నుదుటికి ఏమాత్రమును తీసిపోలేదు. "హైదరాబాద్‌లో ఇలా ఉండదు మావయ్యా!" అన్నది. ఉండదనియే నా వాదము.

తరువాతి పని సీసాను వెనుకకు త్రిప్పి చదువుట. ద్రవ్యములను పరిమాణము తగ్గుచు పోవు వరుసలో వ్రాయుట నియమము. నూటికి ఒక పాలునకు తగ్గినవి మాత్రము ఏ వరుసనైన వ్రాయవచ్చును. నీటి తరువాత వెంటనే ఆల్కహాలు కనబడినచో అది బిగువు మార్గమునకు చెందినది. చుఱుక్కుమని చల్లగా తోచి క్షణములో ఎగిరిపోవును, పోవుచు తడిని గూడ కొంత వెంటబెట్టుకొని పోవును. సెటైల్ ఆల్కహాలు మొదలైన మైనపువంటి పదార్థములు పేరునకు ఆల్కహాలులైనను గుణమున మెత్తనివి. వానిని చూచి బెదరనక్కఱలేదు. రంధ్రములు మూసికొనునను ప్రచారము కేవలము కవిత్వము; చర్మరంధ్రమునకు తలుపులు లేవు, తెఱచి మూయుటకు కండరమును లేదు. లోపల పేరిన జిడ్డు తొలగినచో చిన్నదిగా కనబడును, అంతే. ఆ జిడ్డును తొలగించుటకు సమర్థమైనది సాలిసిలిక్ ఆమ్లము. నూనెలో కరుగు గుణము కలది గనుక రంధ్రములోనికి దిగగలదు. మొటిమలు, నల్లమొనలు గలవారికి నూటికి అరపాలు మొదలు రెండు పాళ్ళ వఱకు నున్నది మేలు చేయును. ఆస్పిరిను పడనివారు దీనికి దూరముగా నుండుట మంచిది. చెఱకురసమున నుండు గ్లైకాలిక్ ఆమ్లము, పెరుగు పులుపునకు కారణమైన లాక్టిక్ ఆమ్లము పైపొర మృతకణములను సడలించి నునుపు తెచ్చును; కాని గ్లైకాలిక్ వాడిన చర్మము ఎండకు త్వరగా కమలును గనుక దానిని రాత్రివేళ వాడి, పగలు ఎండనుండి కాపాడు క్రీము పూసికొనవలెను. పొడిచర్మమునకును తడి తగ్గిన చర్మమునకును జపాను మార్గమే శరణ్యము: గ్లిజరిను, పాంథినాల్, హయలూరోనిక్ ఆమ్లము వంటివి నీటిని పట్టి యుంచును. అయితే పొడిగాలిలో వానిని పూసి పైన క్రీము పూయక విడిచినచో, పట్టిన నీరు గాలిపాలగును. విటమిను బి3 రూపమైన నయాసినమైడ్ జిడ్డుగలవారికిని, మచ్చలుగలవారికిని సమముగా నొప్పును. సున్నితచర్మమువారికి నేను చెప్పదగినది ఒక్కటే: పరిమళము లేనిది కొనుడు. పన్నీరైనను పరిమళమే.

ఇప్పుడు వాయిదా వేసిన ఆ మూడవ ప్రశ్న: మచ్చ పడునదా, పడనిదా? మన చర్మమున మెలనిన్ సమృద్ధిగా నుండును. ఎండనోర్చుటకది మనకు ప్రకృతి యిచ్చిన గొడుగు. కాని ఆ గొడుగే చిన్న మంటకును, గీతకును, చిదిపిన మొటిమకును నల్లమచ్చను మిగిల్చును. అది మానుటకు మాసములు పట్టును. తెల్లదొరసానికి ఘాటైన టోనరు వలన రెండు దినములు ఎఱుపెక్కి పోవు ముఖము, మన పిల్లకు సంవత్సరార్ధము మచ్చలతో నుండవచ్చును. విదేశపు సీసామీది జిడ్డు, పొడి అను విభాగము ఈ సంగతిని చెప్పదు. కనుక మనవారు ఏ జలమునైనను చెవి వెనుకగాని, మోచేతి లోపలివైపునగాని కొన్ని దినములు పూసి చూచి, మంట, దురద లేకున్ననే ముఖమునకు తేవలెను. మంట పుట్టినచో పనిచేయుచున్నదని సంతోషింపరాదు.

వంటింటి వైద్యమును గూర్చి ఒక్కమాట చెప్పక ముందునకు పోజాలను. నిమ్మరసము ప్రకృతిసిద్ధమని ముఖమునకు పూయువారు, అది పీహెచ్ మానములో 2 దగ్గఱ నుండుననియు, దానిని పూసికొని ఎండలోనికి పోయినచో బొబ్బలెక్కి మచ్చలు పడవచ్చుననియు ఎఱుగరు. కీరదోసరసము, బియ్యపుకడుగు అంతటి క్రూరములు కావు. అవి చల్లగానే యుండును. కాని చెడకుండ కాపాడు ద్రవ్యమేదియు వానిలో లేదు గనుక, ఉదయము తీసినది సాయంకాలమునకు పాఱబోయవలెను. సీసాలో పోసి వారము దాచుకొనుట సూక్ష్మజీవులకు సత్రము కట్టించుటయే.

మా మేనకోడలు ఆనాడు కొన్నది గ్లిజరిను, పాంథినాల్ గల, వాసనలేని ఒక చిన్నసీసా. దానిపై ఏ చర్మమునకని వ్రాసియుండలేదు. అందువలననేమో వెల తక్కువ, అమ్మకమును తక్కువయని అంగడివాడే చెప్పెను. జిడ్డెక్కువయైన వేసవి రాత్రులకు సాలిసిలిక్ ఆమ్లముగల మఱియొకదానిని వారమునకు రెండుమార్లు వాడుకొనునట్లు తీసికొన్నది. దూది తోడనా, అరచేతి తోడనా యని సందేహించినది. తుడువవలసినది తెట్టెయైనచో దూదియనియు, ఇయ్యవలసినది తడియైనచో అరచేయియనియు చెప్పితిని. దూది సగము నీరు తానే త్రాగును.

మొన్న ఫోనుచేసి, కార్యాలయమువారు డిసెంబరులో న్యూజెర్సీ పంపుచున్నారనియు, ఈ రెండు సీసాలలో దేనిని తీసికొనిపోవలెననియు అడిగినది. ఆమ్లపు సీసా ఇంటనే యుంచుమంటిని. రెండవది నూటయేబది మిల్లీలీటర్లది. నూఱు దాటిన ద్రవమును విమానములో చేతిసంచిలో సాగనీయరు గనుక పెద్దపెట్టెలో పెట్టుకొమ్మంటిని. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆవకాయ సీసాకు దూరముగా.